రాయలసీమలో పాడుబడిన మిద్దెలను, కోటలను ఫొటో తీయడం: సమగ్ర మార్గదర్శి

కడప, అనంతపురం, కర్నూలు ప్రాంతాల్లోని పాత ఊళ్ళలో తిరిగేవారికి పైకప్పు కూలిపోయి రాతి గోడలు మాత్రం మిగిలిన మిద్దెలు తరచుగా కనిపిస్తాయి. గోడల మధ్య తుమ్మ మొలిచి ఉంటుంది. గూట్లో దీపపు మసి ఇంకా అంటుకుని ఉంటుంది. గడపకు పూసిన పసుపు ఆనవాలు పూర్తిగా పోయి ఉండదు. ఇలాంటి కట్టడాలను ఫొటో తీయాలనుకునేవారికి కెమెరా గురించి చెప్పే పాఠాలు చాలా దొరుకుతాయి కానీ, కట్టడం గురించి చెప్పేవి తక్కువ. ఒక ఇంటిని ఎలా కట్టారో తెలియకపోతే అది ఎలా పడిందో ఫొటోలో చూపలేము. ఎక్కడ అడుగు వేస్తే ప్రమాదమో కూడా తెలియదు. అందుకే ఇక్కడ కెమెరా కంటే ముందు మిద్దె గురించి చెబుతున్నాను.

ముందుగా కట్టడాన్ని చదవాలి

సీమలో పాత ఇల్లు అంటే ఎక్కువగా చవుడు మిద్దె, అంటే చదునైన కప్పు మీద చవుడు (ఉప్పు నేల మట్టి) పోసిన ఇల్లు. అనంతపురం వైపు ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ మాత్రమే కాబట్టి, వాలు కప్పు లేకుండా చదునైన మట్టి కప్పుతోనే ఇక్కడివారు ఇళ్ళు కట్టుకోగలిగారు. మందపాటి రాతి గోడలను మట్టి అడుసుతో పేర్చి, గోడ నుంచి గోడకు దూలాలు వేసి, దూలాల మీద దంతెలు (అడ్డంగా వేసే సన్నని కర్రలు), దంతెల మీద చెక్కలో బండలో పరిచి, ఆపైన మట్టిని దట్టంగా పరిచి తొక్కి, అన్నిటికీ పైన చవుడు పోస్తారు. చవుడులో సోడియం ఎక్కువగా ఉండడం వల్ల తడి తగలగానే దాని సన్నని రేణువులు విడిపోయి సందులను పూడ్చేస్తాయి, దానితో నీరు కిందికి ఇంకదు. చేనును పనికిరాకుండా చేసే ఆ గుణమే ఇంటికి రక్షణ అయింది. అయితే గాలికీ వానకూ ఆ పొర కొంచెం కొంచెంగా కొట్టుకుపోతుంది కాబట్టి, వానలకు ముందు మళ్ళీ చవుడు పోసుకోవాలి. ఇంట్లో మనుషులు లేకపోతే ఆ పని చేసేవారు ఉండరు.

అక్కడి నుంచి పతనం ఒక క్రమంలో సాగుతుంది. చవుడు పలచబడిన చోట నీరు దిగి, దంతెలు నాని, చెదలు పట్టి, మిద్దె నడుమ కుంగుతుంది. ఒకనాటి వానకు తడిసి బరువెక్కిన మట్టి అంతా ఒక్కసారిగా నేలకు దిగుతుంది. కప్పు పోయాక గోడల తలలు వానకు తెరుచుకుంటాయి, అడుసు కరుగుతుంది, పైవరుస రాళ్ళు జారడం మొదలవుతుంది. చివరిదాకా నిలిచేది చాలా సందర్భాల్లో తలవాకిలి ద్వారబంధమే. ఈ క్రమం మనసులో ఉంటే, మీరు చూస్తున్న ఇల్లు ఏ దశలో ఉందో గుర్తుపట్టి, ఆ దశను చూపించే చోట నిలబడగలుగుతారు. కుంగిన దూలాన్ని దాని కింది నుంచి కాక వాకిలి బయటి నుంచే తీయాలన్న తెలివి కూడా అప్పుడే వస్తుంది.

కెమెరా సంచిలోనే ఉంచి, ఇంటి చుట్టూ ఒకసారి నెమ్మదిగా నడవండి. వాకిలి ఏ దిక్కుకు ఉంది, వంటిల్లు ఎక్కడ, పశువులను కట్టిన చోటు ఏది, గవాచి (కప్పులోని వెలుతురు కంత) ఎక్కడ తెరిచారు, తరువాతి తరం సిమెంటుతో చేర్చిన గోడ ఏది అన్నవి చిన్న పుస్తకంలో రాసుకుని, ఒక చేతి పటం గీసుకోండి. ఈ అరగంట వృథా అనిపిస్తే ఈ పనికి ఇంకా సమయం రాలేదని నా అభిప్రాయం.

అడగకుండా గడప దాటకూడదు

పాడుబడిన ఇల్లు యజమాని లేని ఇల్లు కాదు. వారసులు బెంగుళూరులోనో హైదరాబాదులోనో ఉండవచ్చు, అన్నదమ్ముల మధ్య పంపకం తేలక ఇల్లు అలా ఆగిపోయి ఉండవచ్చు. కొత్తలో నేను జమ్మలమడుగు దగ్గర ఒక ఊళ్ళో తలుపు లేని మిద్దెలోకి నేరుగా వెళ్ళిపోయాను. ఎదురింటి అరుగు మీద నుంచి ఒక అవ్వ, "ఎవురు నాయనా నువ్వు, ఏం వెతుకుతాండావు?" అని అడిగింది. ఆ ఇల్లు ఆమె పుట్టినిల్లు. క్షమాపణ చెప్పి బయటికి వచ్చి, ఆమె పక్కన కూర్చున్నాను. ఏ మూల గాదె ఉండేదో, ఏ దూలానికి ఉయ్యాల కట్టేవారో ఆమే చెప్పింది. ఆ తరువాత ఆమెతో కలిసి లోపలికి వెళ్ళి తీసిన ఫొటోలకు, అంతకు ముందు నేను ఒక్కడినే తీసినవాటికి పోలికే లేదు.

అడగడానికి మన ప్రాంతంలో మరో గట్టి కారణం ఉంది. గుప్తనిధుల కోసం పాత గుళ్ళలో, కోటల్లో, శిథిలమైన ఇళ్ళల్లో రాత్రిపూట తవ్వేవారి బెడద వల్ల, టార్చిలైటూ సంచీ పట్టుకుని శిథిలాల్లో తిరిగే కొత్త మనిషిని ఊరివారు అనుమానించడం సహజం. అందువల్ల పగటిపూట వెళ్ళండి. ముందుగా గ్రామ సచివాలయంలోనో సర్పంచికో మీ పేరు, వచ్చిన పని చెప్పండి. ఊరి మనిషిని ఒకరిని తోడు తీసుకెళ్ళండి. ఏ పరిస్థితిలోనూ నేలను గెలకవద్దు, రాయిని కదపవద్దు. అనుకోకుండా పాత నాణేలో విగ్రహమో కంటపడితే ఉన్నచోటే ఉంచి అధికారులకు చెప్పాలి. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం దొరికిన నిధి సంగతి కలెక్టరుకు తెలియజేయడం తప్పనిసరి.

గండికోట, సిద్ధవటం, గుత్తి కోటలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. ఇలాంటి చోట్ల చేతితో పట్టుకుని ఫొటోలు తీసుకోవడానికి సాధారణంగా ఇబ్బంది ఉండదు. ట్రైపాడ్ నిలబెట్టాలన్నా, వ్యాపార ప్రయోజనానికి చిత్రీకరించాలన్నా, డ్రోన్ ఎగరేయాలన్నా ముందుగా రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. 1958 నాటి పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే 2 ఏళ్ళ వరకు జైలు, 1 లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. గోడ మీద పేర్లు చెక్కేవారే కాదు, మంచి కోణం కోసం శిల్పం మీద కాలు పెట్టేవారు కూడా ఈ మాట గుర్తుంచుకోవాలి.

లోపల అడుగు వేసే ముందు

వానపడిన రోజునా, ఆ తరువాత కొన్ని రోజులూ మట్టి మిద్దెల లోపలికి వెళ్ళవద్దు. సీమలో వానాకాలంలో మనుషులున్న మిద్దెలే కూలి ప్రాణాలు పోతుంటాయి; పట్టించుకునేవారు లేని ఇంటి సంగతి వేరే చెప్పనక్కరలేదు. తడి ఆరేటప్పుడు కూడా గోడ కదులుతుంది. గోడ మధ్యలో కడుపు వచ్చినట్టు ఉబ్బినా, పగుళ్ళ అంచులు తాజాగా, దుమ్ము పట్టకుండా ఉన్నా, దూలం గోడలో దిగే చోట పిండిలా పొడి రాలుతున్నా అక్కడ ఆగిపోండి. మిద్దె పైకి మాత్రం ఎంత గట్టిగా కనిపించినా ఎక్కవద్దు.

నేల విషయం చాలామందికి తట్టదు. ఇక్కడి రైతులు జొన్నలు దాచుకోవడానికి ఇళ్ళలో, వాకిళ్ళలో, వీధుల్లో లోతైన పాతరలు తవ్వుకునేవారు. మూతిబండ పగిలిపోయి పైన చెత్త పేరుకున్న పాతర మామూలు నేలలాగే కనిపిస్తుంది. పాడుబడిన గుళ్ళలో నిధుల వేటగాళ్ళు వదిలివెళ్ళిన గోతులు, కోటల్లో గోడ లేని బావులు కూడా అంతే. చేతిలో పొడవైన కర్ర ఉంచుకుని ముందు దానితో తట్టి, తరువాత అడుగు వేయండి. కెమెరా కంటికి ఆనించుకుని వెనక్కి నడవడం అన్నిటికంటే పెద్ద ప్రమాదం. వెనక్కి జరగాలంటే కెమెరా దించి, తిరిగి చూసి, నడిచి, మళ్ళీ నిలబడండి.

ఆ కర్రే పాములనూ హెచ్చరిస్తుంది. రక్తపింజరి, నాగుపాము, కట్లపాము మూడూ ఈ ప్రాంతంలో ఉన్నాయి. కూలిన రాళ్ళ కుప్పలు వాటికి అనువైన చోట్లు. చీలమండను దాటే బూట్లు వేసుకోండి, కంటికి కనబడని సందులో చేయి పెట్టవద్దు. కాటు పడితే కోయడం, కట్టు బిగించడం, నాటు మందులు మానేసి, కాలో చేయో కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేరాలి. కోట బురుజుల్లో, మండపాల చూరుల్లో పెద్ద తేనెపట్టులు వేలాడుతుంటే చప్పుడు చేయకుండా దూరంగా వెళ్ళిపోండి. అక్కడ ఫ్లాష్ గానీ అత్తరు గానీ పొగ గానీ వద్దు. గబ్బిలాలున్న చీకటి గదిలో వాటి రెట్ట దుమ్ము ఊపిరితిత్తులకు హాని చేస్తుంది కాబట్టి మంచి మాస్కు పెట్టుకుని, పని త్వరగా ముగించాలి. ఇద్దరికి తక్కువగా ఎప్పుడూ వెళ్ళవద్దు.

సామాను

దీనికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. మార్చుకునే లెన్సులున్న కెమెరా అయితే 24 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వెడల్పు లెన్సు ఒకటి, 50 మిల్లీమీటర్లది ఒకటి సరిపోతాయి. ట్రైపాడ్, మట్టపు బుడ్డి (మట్టం చూసే నీటిబుడగ సాధనం), దుమ్ము ఊదే రబ్బరు బుడ్డి, రెండు టార్చిలైట్లు, ఒక కొలత టేపు, తాగే నీళ్ళు. మిద్దె లోపల లెన్సు మార్చవద్దు; ఆ సన్నటి మట్టి సెన్సరుకు చేరితే ప్రతి ఫొటోలోనూ మచ్చలే.

వెలుగును ఎదురుచూడడం

గవాచి అంటే మిద్దె కప్పులో పొగ పోవడానికీ వెలుతురు రావడానికీ వదిలిన కంత. కప్పు ఇంకా నిలిచి ఉన్న పాత మిద్దెలో దాని నుంచి దిగే వెలుగుకు మించిన దృశ్యం నాకు కనబడలేదు. ఆ వెలుగు ఎప్పుడు ఎక్కడ పడుతుందో ముందే లెక్కించుకోవచ్చు. మన ప్రాంతం సుమారుగా 14 నుంచి 16 డిగ్రీల ఉత్తర అక్షాంశాల మధ్య ఉంది కాబట్టి ఏప్రిల్ నెలాఖరు, మే మొదటి వారాల్లోనూ, మళ్ళీ ఆగస్టు మొదటి పక్షంలోనూ మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అప్పుడు గవాచి నుంచి వెలుగు నిట్టనిలువుగా నేల మీద పడుతుంది. గడియారంలో అది పన్నెండు గంటలకు కాదు, పన్నెండుంబావు ప్రాంతంలో జరుగుతుంది. మన గడియారాలన్నీ ఇంకా తూర్పున ఉన్న 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నడవడమే దానికి కారణం. డిసెంబరులో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి, కప్పు పది అడుగుల ఎత్తున ఉంటే అదే వెలుగు దాదాపు ఎనిమిది అడుగులు ఉత్తరానికి జరిగి పడుతుంది. ఉత్తరపు గోడకు పొయ్యి గానీ దేవుని గూడు గానీ ఉన్న ఇంట్లో చలికాలపు మధ్యాహ్నం ఆ వెలుగు వాటి దాకా వెళ్ళవచ్చు. మీరు గీసుకున్న చేతి పటం మీద ఈ లెక్క వేసుకుని, సరైన నెలలో తిరిగి రావడమే మంచి ఫొటోకు అసలు దారి.

ఆ వెలుగు మచ్చను తీసేటప్పుడు కెమెరా వెలుగు కొలత దాని మీదే తీసుకోండి. గది మొత్తాన్ని కొలవనిస్తే కెమెరా చీకటిని తెల్లబరచడానికి ప్రయత్నించి వెలుగును చంపేస్తుంది.

బయటి గోడలకు ఇందుకు భిన్నమైన వెలుగు కావాలి. తూర్పు ముఖపు గోడ మీదికి సూర్యోదయపు ఎండ నేరుగా పడితే రంగు బాగుంటుంది గానీ రాళ్ళ ఎగుడుదిగుళ్ళు కనిపించవు. కాసేపు ఆగి, ఎండ గోడను ఒరుసుకుంటూ పక్కనుంచి వచ్చేటప్పుడు తీస్తే ప్రతి రాయీ విడిగా తేలుతుంది. ఎర్రమల కొండల రాతితో కట్టిన గండికోట గోడలు సాయంత్రం ఎర్రబడతాయి. వైట్ బ్యాలెన్సును (వెలుగు రంగును సరిచేసే అమరిక) ఆటోలో వదిలేస్తే కెమెరా ఆ ఎరుపును సరిదిద్దవలసిన లోపమనుకుని తగ్గించేస్తుంది, కాబట్టి దాన్ని పగటి వెలుగుకు, అంటే 5,500 కెల్విన్ ప్రాంతానికి పెట్టి ఉంచండి. ముసురు పట్టిన రోజు మబ్బు వెలుగు కప్పులేని గదులకు చాలా మంచిది. అయితే పైన చెప్పిన వాన హెచ్చరిక మరవకుండా గడప బయటి నుంచే తీయాలి. గడ్డి ఎండి గోడల పాదాలు బయటపడే జనవరి, ఫిబ్రవరి నెలలు ఈ పనికి అన్నిటికంటే అనువైనవి.

తీసే క్రమం

మొదట దూరం నుంచి, వీధితో సహా, ఇరుగుపొరుగు ఇళ్ళతో సహా తీయండి. తరువాత ఇంటి నాలుగు ముఖాలు, ఆపైన ఒక్కొక్క గది నాలుగు మూలల నుంచి. సూక్ష్మ వివరాలు ఆఖరున రావాలి. కొత్తవారు ఈ క్రమాన్ని తలకిందులు చేసి, తుప్పు పట్టిన గొళ్ళేన్ని పాతిక సార్లు తీసి, ఆ గొళ్ళెం ఏ తలుపుదో తెలిపే ఫొటో ఒక్కటీ లేకుండా ఇంటికి వెళతారు.

కెమెరాను మట్టంగా ఉంచడం ఇందులో అతి ముఖ్యమైన నియమం. పైకి ఎత్తి తీస్తే నిటారుగా ఉన్న గోడలు కూడా ఫొటోలో వెనక్కి వాలినట్టు కనిపిస్తాయి. మామూలు భవనాల్లో అది చూపుకు సంబంధించిన లోపం మాత్రమే. శిథిలాల్లో అది అబద్ధమవుతుంది, ఎందుకంటే నిజంగా ఒరిగిన గోడకూ లెన్సు ఒరిగించిన గోడకూ తేడా తెలియకుండా పోతుంది. మట్టపు బుడ్డి చూసి కెమెరాను సరిగా నిలబెట్టి, గోడ తల అందకపోతే వెనక్కి వెళ్ళండి, లేదా కెమెరాను నిలువుగా తిప్పండి. అప్పుడు ఫొటోలో కనిపించే ప్రతి ఒరుగూ ఆ గోడదే అవుతుంది. మూడేళ్ళ తరువాత అదే చోటు నుంచి మళ్ళీ తీసి పక్కపక్కన పెట్టినప్పుడు గోడ ఎంత కదిలిందో కంటితో చూడవచ్చు.

చీకటి గది నుంచి తెరిచిన వాకిలి వైపు తీసేటప్పుడు బయటి ఎండకూ లోపలి నీడకూ ఉన్న తేడాను ఒక్క ఫొటో మోయలేదు. ట్రైపాడ్ మీద కెమెరా నిలిపి, ఐఎస్ఓ 100, ఎపర్చర్ ఎఫ్/8 పెట్టి, రెండు సెకన్ల టైమరుతో, షట్టర్ వేగం మాత్రమే మారుస్తూ రెండేసి స్టాపుల (ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపో సగమో కావడం) తేడాతో మూడు లేదా ఐదు ఫొటోలు తీయండి. రా ఫైలుగా (కెమెరా మార్పులు చేయని ముడి ఫైలు) దాచుకుంటే తరువాత వాటిని కలపడం సులభం. కలిపేటప్పుడు మూలలను మూలలుగానే, నీడగానే ఉంచండి. చీకటంతా తోడేసి రంగులు పొంగించిన ఫొటోలో మిద్దె ఇల్లులా ఉండదు, సినిమా సెట్టులా ఉంటుంది.

ఫోనుతో తీసేవారు గీతల గడిని ఆన్ చేసుకుని, మామూలు లెన్సునే వాడాలి. అతి వెడల్పు లెన్సు అంచుల దగ్గర ద్వారబంధాలను సాగదీస్తుంది. వెలుగు మచ్చ మీద వేలు పెట్టి, ప్రకాశాన్ని కిందికి జరిపి తీస్తే గవాచి ఫొటో ఫోనులోనూ బాగా వస్తుంది.

వివరాల్లో వదలకూడనివి కొన్ని ఉన్నాయి: దూలం గోడలో దిగే చోటు, గోడ విరిగినప్పుడు బయటపడే లోపలి పొరలు, గచ్చు మీద మేస్త్రీ వేళ్ళ గుర్తులు, గడప అరిగిన వంపు, పొయ్యి మీది మసి. ప్రతిదాని పక్కన టేపు పెట్టి ఒకటి, టేపు లేకుండా ఒకటి తీయండి. వస్తువులను జరిపి అందంగా అమర్చవద్దు. విరిగిన కుండ ఎక్కడ ఉంటే అక్కడే.

కోటలు, నీట మునిగిన కట్టడాలు

కోటలో ఏం తీయాలో దాని చరిత్రే చెబుతుంది. గుత్తి కోట మైదానం నుంచి సుమారు 300 మీటర్ల ఎత్తున ఉన్న కొండ మీదిది. మరాఠా సర్దారు మురారిరావు 1770ల్లో హైదర్ అలీ ముట్టడికి తలవంచింది నీళ్ళు అడుగంటడం వల్ల. ఆ సంగతి తెలిసినవారు బురుజులతో ఆగకుండా కొండ మీది నీటి గుంటలను, బావులను, వాననీటిని వాటికి మళ్ళించిన కాలువలను వెతికి తీస్తారు. ఎండెక్కక ముందే, తెల్లవారగానే ఎక్కడం మొదలుపెట్టి, మనిషికి మూడు లీటర్ల నీళ్ళు మోసుకెళ్ళండి.

గండికోటకు వచ్చేవారిలో ఎక్కువమంది పెన్న లోయ అంచున ఫొటో దిగి వెళ్ళిపోతారు. పెమ్మసాని నాయకుల నుంచి 1650 ప్రాంతంలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా చేతికి పోయిన ఈ కోటలో మాధవరాయ, రంగనాథ ఆలయాలు, జామా మసీదు, ధాన్యాగారం ఒకదానికొకటి నడిచిపోయే దూరంలో ఉన్నాయి. గుడి గోపురాన్నీ మసీదు మినార్లనూ ఒకే చట్రంలోకి తెచ్చే చోటు కోసం అరపూట కేటాయించండి. మనుషులు తగ్గే పనిదినాల ఉదయమైతే మంచిది.

శ్రీశైలం జలాశయంలో మునిగే సంగమేశ్వరం ఆలయం నీరు తగ్గిన ఎండాకాలపు నెలల్లోనే బయటపడుతుంది. అక్కడ రాళ్ళ మీద ఏడాదేడాదికి మిగిలిన నీటి గీతలే అసలు విషయం, వాటిని పక్క వెలుగులో తీయాలి. పైన ఎండి లోపల మెత్తగా ఉన్న ఒండ్రులో దిగబడకుండా, స్థానికులు నడిచిన దారినే నడవండి. గండికోట జలాశయంలో మునిగిన ఊళ్ళ గోడలను తీసేవారు, ఇప్పుడు వేరే చోట ఉంటున్న ఆ ఊరివారిని కలవకుండా తిరిగి రాకూడదని నా గట్టి నమ్మకం. ఏ గోడ ఎవరిదో వారు మాత్రమే చెప్పగలరు.

ఇంటికి వచ్చాక

ఆ రాత్రే ఫైళ్ళను రెండు వేర్వేరు డిస్కుల్లోకి ఎక్కించి, ఊరి పేరు, తేదీ, వరుస సంఖ్యతో పేర్లు పెట్టండి. ఊళ్ళో విన్న మాటలను మరచిపోకముందే, చెప్పినవారి అనుమతితో రాసి పెట్టుకోండి. కాపలా లేని గుళ్ళ ఫొటోలను, ముఖ్యంగా కదిలించగల శిల్పాలున్నవాటిని, చోటు వివరాలతో బయట పెట్టవద్దు. ఫైలులో దాగి ఉండే జీపీఎస్ సమాచారాన్ని కూడా తీసేశాకే పంచుకోండి. విగ్రహాల దొంగలకు దారి చూపే ఫొటో ఎంత అందమైనదైనా తీయకపోవడమే మేలు.

చివరగా, ఇంటివారి కోసం ఒక ఫొటోను ఎనిమిది అంగుళాల పొడవు, ఆరు అంగుళాల వెడల్పులో అచ్చు వేయించండి. కూలిన గోడదే కాకుండా, నిలిచి ఉన్న తలవాకిలి దగ్గర ఇంటి పెద్దలు నిలబడినది ఒకటి ఉంటే అదే ఇవ్వండి. వెనకవైపు సిరా కలంతో రాస్తే కొన్నాళ్ళకు ముందువైపుకు మరక ఊరుతుంది కాబట్టి, మెత్తని పెన్సిలుతో తేలికగా ఊరి పేరు, ఇంటి పేరు, తీసిన తేదీ, ఫొటోలో ఉన్నవారి పేర్లు ఎడమ నుంచి కుడికి రాసి ఇవ్వండి.